అరవై రెండు అందరికీ ఒకటే వయసు కాదు

(పెన్షనర్ల దినోత్సవం నాడు గుంటూరు బ్రాడీపేటలో జరిగిన సభలో, ట్రెజరీ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, మాస్టార్లకు, విజయవాడ ఆటోనగర్ నుంచి రైలెక్కి వచ్చిన కార్మిక సోదరులకు, పుస్తకాలు పక్కన పెట్టి ఈ సాయంత్రం మా కోసం వచ్చిన పిల్లలకు నమస్కారం. మైకు కాస్త దగ్గరగా పెట్టమంటున్నారు. వినపడుతోందా, బాబాయి గారూ? సరే.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. డి.ఎస్. నకారా గారు రక్షణ శాఖలో ఫైనాన్షియల్ అడ్వైజరుగా చేసి 1972లో రిటైరయ్యారు. 1979లో కేంద్రం పెన్షన్ లెక్క కట్టే పద్ధతి మార్చింది, కొంచెం ఎక్కువ వచ్చేట్టుగా. అయితే ఆ ఏడాది మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరయ్యేవాళ్లకే అది వర్తిస్తుందని మెలిక పెట్టింది. ముందే రిటైరైనవాళ్లు చేసిన నేరం ఏమిటని ఆయన కోర్టుకెక్కారు. ఐదుగురు జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు: పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఆ మనిషి చేసిన సేవకు దక్కాల్సిన హక్కు, ఒక తేదీ గీసి ముసలివాళ్లను రెండు ముక్కలు చేయడం కుదరదు. అందుకే ఈ రోజును మనం పండగలా చేసుకుంటున్నాం.

నాకు మాత్రం ఈ తేదీతో పాటు ఇంకో తేదీ కూడా గుర్తొస్తుంది. 1983 ఫిబ్రవరి 28, సోమవారం. నకారా తీర్పు వచ్చి అప్పటికి రెండున్నర నెలలు కాలేదు.

మేం అప్పుడు కొత్తపేటలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నాన్నగారు ఒక ప్రభుత్వాఫీసులో హెడ్ క్లర్కు. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. అక్క పెళ్లి కుదిరి ఉంది. నాన్నగారికి ఆ జనవరికే 55 నిండాయి. ఇంకా మూడేళ్ల సర్వీసుందన్న ధైర్యంతోనే వియ్యాలవారికి కట్నం వాయిదాల్లో ఇస్తానని మాటిచ్చారు. జనవరి 9న కొత్త ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. ఆ నెలాఖరుకల్లా 55 దాటినవాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోవాలి. ప్రభుత్వంలోనే సుమారు 18 వేల మంది, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఇంకో 10 వేల మంది. అందులో మా నాన్నగారు ఒకరు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మెడలోది తీసి చేతికి చుట్టుకున్న బంతిపూల దండ, టిఫిన్ క్యారియరు, గొడుగు, ఇరవై ఏళ్లుగా ఆయన బల్ల మీదుండే గాజు పేపర్‌వెయిటు. ఒకే రోజున ఆఫీసులో నలుగురికి సన్మానం చేశారట. దండలు చాలక, ఒకరికి వేసిన దండే తీసి ఇంకొకరికి వేశారట. అమ్మ కాఫీ ఇస్తే తాగలేదు. గోడకున్న క్యాలెండరు దగ్గరికెళ్లి, మార్చి కాగితం తిప్పి, అక్క పెళ్లి తేదీ దగ్గర వేలు పెట్టి అట్లాగే నిలబడ్డారు.

ఏప్రిల్ నుంచి పట్నం బజారులో ఒక మిర్చి కొట్లో లెక్కలు రాయడానికి కుదురుకున్నారు. జీతం పాతదాంట్లో సగం కూడా లేదు. ఫైళ్ల మీద నోట్ రాసిన చేత్తో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, బరువులు రాసుకునేవారు. ఘాటుకు దగ్గొచ్చి రాత్రుళ్లు కూర్చునే నిద్రపోయేవారు. ఈ రోజు నా ప్రసంగానికి నిర్వాహకులు ఇచ్చిన శీర్షిక 'వృద్ధుల ఉపాధి'. ఆ మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ దగ్గే.

తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, కె. నాగరాజ్ కేసులో, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని చెప్పింది. అప్పటికే 1984 ఆగస్టు 23న వయసును మళ్లీ 58 చేశారు. అయితే మధ్యలో ఇంటికి పంపినవాళ్లను మాత్రం తిరిగి తీసుకోం అన్నారు. 55 తప్పని మీరే ఒప్పుకుని 58కి తెచ్చినప్పుడు, ఆ తప్పు వల్ల పోయినవాళ్లను వదిలేస్తారా అని మళ్లీ కోర్టుకెళ్తే, బి. ప్రభాకరరావు కేసులో వాళ్లకు న్యాయం జరిగింది. ఆ తీర్పుతో నాన్నగారు 1985 ఆఖర్లో తిరిగి ఆఫీసుకెళ్లారు. మూడు నెలలు పనిచేసి 58 నిండగానే దిగిపోయారు. ఆయన కుర్చీలో అప్పటికే ఇంకొకరున్నారు, పాపం ఆయన తప్పూ లేదు. గోడవారగా ఒక స్టూలు వేసి ఇచ్చారు. నాన్నగారు పేపర్‌వెయిటు మాత్రం మళ్లీ తీసుకెళ్లలేదు.

ఇది మా ఇంటి బాధ చెప్పుకోవడానికి తీసుకురాలేదు. పదవీ విరమణ వయసు అన్నది మన రాష్ట్రంలో ఎప్పుడు, ఎందుకు మారుతూ వచ్చిందో వరసగా చూడండి. 1979లో 55 నుంచి 58. 1983లో 55. 1984లో మళ్లీ 58. 2014లో రాష్ట్రం విడిపోగానే 60. 2022 జనవరి నుంచి 62. ఇన్నిసార్లు మార్చినా, ఈ పనికి ఏ వయసు దాకా ఒంట్లో సత్తువ ఉంటుంది, దిగిపోయాక ఆ మనిషి ఎట్లా బతుకుతాడు అన్న లెక్కతో మార్చిన సందర్భం నాకు ఒక్కటీ కనపడలేదు. ఒకసారి కుర్రాళ్లకు ఉద్యోగాలన్నారు. ఒకసారి అనుభవం వృథా కాకూడదన్నారు. 2022లో అయితే పీఆర్సీతో, అంటే జీతాల సవరణతో, కలిపి ఇచ్చారు. అప్పటిదాకా ఇస్తున్న మధ్యంతర భృతి, ఐఆర్, 27 శాతం ఉంటే, కొత్త జీతంలో పెంపు, అంటే ఫిట్‌మెంట్, 23 శాతమే ఇచ్చి, దాంతో పాటే 62 ఏళ్లు ప్రకటించారు. ఆ ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు మీద చీమ దూరే సందు లేకుండా ఉద్యోగులు నిరసనగా నిండిపోయిన సంగతి ఇక్కడున్నవాళ్లందరికీ గుర్తే.

ట్రెజరీలో పనిచేసిన దాన్ని కాబట్టి ఇందులో ఖజానా వైపు లెక్క నాకు తెలుసు. ఒక ఉద్యోగి రిటైరైతే ఆ నెలలోనే గ్రాట్యుటీ, పెన్షన్‌లో కొంత ముందే తీసుకునే కమ్యుటేషన్, మిగిలిన సెలవులకిచ్చే లీవు ఎన్‌క్యాష్‌మెంటు, జీపీఎఫ్ అనే భవిష్యనిధి, ఏపీజీఎల్‌ఐ అనే బీమా అన్నీ ఒక్కసారిగా కట్టాలి. మనిషికి లక్షల్లో ఉంటుంది. రెండేళ్లు వయసు పెంచితే, ఆ రెండేళ్లు వయసు మీరి దిగిపోయేవాళ్లే ఉండరు. ఆ బిల్లులు రెండేళ్లు వెనక్కు జరుగుతాయి. చేతిలో డబ్బు లేని ప్రభుత్వానికి అది పెద్ద ఊరట. వాళ్ల ఇబ్బంది వాళ్లది, కాదనను. ప్రజలకు ఆ కారణం కూడా విప్పి చెప్పాలనేది నా మాట.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. నేను పుట్టింది 1962 జూన్‌లో. పాత లెక్కన 2020లో 58కి దిగిపోవాల్సిన దాన్ని. 2024 దాకా చేశాను. నాలుగేళ్ల జీతం అదనంగా తీసుకున్నాను. ఆ డబ్బుతో మా అబ్బాయి ఇంటి లోను తీరింది. అదే నాలుగేళ్లలో మా పక్కింటి కుర్రాడు గ్రూప్-2కి చదువుతూ చదువుతూ ముప్పై ఐదు దాటాడు. మా సెక్షన్‌లో కింది పోస్టులు ఖాళీగానే ఉండేవి, ఔట్‌సోర్సింగ్ పిల్లలతో నెట్టుకొచ్చేవాళ్లం. పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆ అబ్బాయి మేడ మీద పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ కనిపించేవాడు. 'నమస్తే ఆంటీ' అనేవాడు. ఒక్కనాడూ ఇంకో మాట అనలేదు. నాకే చూపు తిప్పుకోవాలనిపించేది.

పెద్దవాళ్లు పనిలో ఉంటే ఆ మేరకు కుర్రాళ్లకు ఉద్యోగాలు పోతాయన్న లెక్క దేశం మొత్తానికి నిజం కాదని ఆర్థికవేత్తలు చెబుతారు. మనిషి పనిచేస్తే జీతం ఖర్చుపెడతాడు, దాంతో ఇంకో పని పుడుతుంది అంటారు. బజారు సంగతి అయితే ఒప్పుకుంటాను. ప్రభుత్వ పోస్టులు అట్లా కాదు. మంజూరైన పోస్టులు ఇన్ని అని కాగితం మీద రాసి ఉంటాయి, ఒకరు లేస్తేగానీ ఇంకొకరు కూర్చోలేరు. అందుకే వయసు పెంచే జీవోలోనే, ఆ రెండేళ్లలో ఎన్ని ఖాళీలు నింపుతారో, ఏ నెలలో నోటిఫికేషన్ ఇస్తారో కూడా రాయాలి. ఒకే కాగితం మీద రెండూ ఉండాలి. మన సంఘాలు ఈ డిమాండు పెట్టాల్సింది, పెట్టలేదు. నేనూ ఆ సంఘంలో మెంబర్నే, నేనూ అడగలేదు.

ఇక అసలు విషయానికొస్తాను.

అరవై రెండు అంటే ఏమిటి? ఫ్యాను కింద కూర్చుని బిల్లులు పాస్ చేసిన నాకు 62 ఒక వయసు. రాత్రంతా హైదరాబాదు సర్వీసు నడిపి తెల్లారి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగే డ్రైవరుకు 62 ఇంకో వయసు. ఎదురొచ్చే లారీ లైట్లు కళ్లలో కొట్టి ముప్పై ఏళ్లు గడిచినాక, నడుము పట్టేసి సీట్లోంచి లేవడమే కష్టమైతే, ఆయన్ను ఇంకా రెండేళ్లు నడపమనడం వరమని ఎట్లా అంటాం? ఆయన వెనక నలభై మంది ప్రయాణికులుంటారు. అంకె ఒకటే అయినా ఒళ్లు ఒకటి కాదు కదండీ.

ఒక సంగతి చెబుతాను. పెన్షనర్లు ఏడాదికోసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో అయిపోతోందని అందరం సంతోషించాం. మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చాడు. రోడ్ల మీద గ్యాంగ్ మజ్దూరుగా చేసి రిటైరైన మనిషి. మిషను మీద బొటనవేలు పెట్టాడు, ఎర్రలైటు. తుడిచి పెట్టాడు, ఎర్రలైటు. మావాళ్లు చేతులు కడుక్కురమ్మన్నారు, కొబ్బరినూనె రాయమన్నారు. పదివేళ్లూ అయినాయి. నేను లేచెళ్లి ఆయన చెయ్యి పట్టుకు చూశాను. బొటనవేలి మీద గీతలే లేవు. అద్దంలా నున్నగా ఉంది. 'ముప్పై ఏళ్లు కంకర పరిచి తారు పోసిన చేతులమ్మా, ఇంతే ఉంటాయి' అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పాడండీ, ఏదో తప్పు చేసినట్టు. పాత పద్ధతిలో కాగితం మీద సంతకాలు పెట్టించి పంపించాం. ఆ పద్ధతి ఉందని తెలియక తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. 2021 నవంబరు నుంచి సెల్‌ఫోనులో మొహం చూపించి కూడా చేసుకునే వీలొచ్చింది. ఇక్కడున్న పిల్లలకు ఒక్క పని అప్పజెబుతున్నాను, మీ వీధిలో పెన్షనున్న ముసలివాళ్లకు మీ ఫోనులో అది చేసిపెట్టండి. ఐదు నిమిషాల పని.

ఆ పెద్దాయనకు కనీసం పెన్షనంటూ ఉంది, దాని మీద డీఆర్ అనే కరువు భృతి ఉంది. ధరలు పెరిగితే కొంతైనా పెరుగుతుంది. ఇప్పుడు ఆటోనగర్ నుంచి వచ్చినవాళ్ల సంగతి మాట్లాడదాం.

మీలో ఒకాయన కాగితాలు నేను చూశాను. పేరు చెప్పను, ఆయన అనుమతితోనే మాట్లాడుతున్నాను. లేతు మిషను మీద లోహం చెక్కే టర్నరు. 1996లో ఆయన పేరు పీఎఫ్‌లో ఎక్కింది. 2013లో 58 నిండాయి. 17 ఏళ్ల సర్వీసు. ఈపీఎస్ అని, 1995 నవంబరు 16న మొదలైన పెన్షన్ పథకం ఇది. యజమాని కట్టే వాటాలోంచి, జీతంలో 8.33 శాతం ఇందులోకి పోతుంది. జీతం ఎంతున్నా లెక్కకు ఒక పరిమితి ఉంటుంది. అప్పట్లో అది 6,500. 2014 సెప్టెంబరు నుంచి 15,000. లెక్క చాలా సులువు, కాగితం ఉంటే రాసుకోండి: లెక్కకొచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 6,500ను 17తో గుణించి 70తో భాగిస్తే దగ్గర దగ్గర 1,580 రూపాయలు. 2013లో అదే, ఇప్పుడూ అదే. గ్యాస్ బండ పెరిగింది, కందిపప్పు పెరిగింది, బీపీ మాత్రలు పెరిగాయి. ఆ 1,580 మాత్రం కదలలేదు, ఎందుకంటే ఈపీఎస్‌కు డీఏ, అంటే కరువు భత్యం, లేదు. 2014 సెప్టెంబరులో కనీస పెన్షన్ వెయ్యి రూపాయలన్నారు. ఈయనకు వెయ్యి దాటింది కాబట్టి దాంతోనూ లాభం లేదు. పదేళ్లు దాటినా ఆ వెయ్యి కూడా వెయ్యిగానే ఉంది.

ఈయనకు ఇప్పుడు డెబ్బై. ఇంకా షెడ్డుకెళ్తున్నాడు. నేను ఆయన పనిచేసే చోటికి వెళ్లి చూశాను. వెర్నియర్ అనే కొలత పరికరం మీద గీతలు ఆయనకు కనపడవు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు అది చూసి అంకె చెబుతాడు, ఈయన టూలు ఎంత లోపలికి జరపాలో చెబుతాడు. మిషను తిరుగుతుంటే కళ్లు మూసుకుని వింటున్నాడు. 'టూలు మొద్దుబారింది, మార్చరా' అన్నాడు. కుర్రాడు ఆపి చూస్తే నిజమే. ఆ చెవి తయారు కావడానికి నలభై ఏళ్లు పట్టింది. ఏ ఐటీఐలోనూ అది నేర్పరు. ఈయనకు రోజూ మూడు గంటలు, కుర్చీ వేసి, నలుగురు పిల్లలకు నేర్పమంటే చక్కగా నేర్పుతాడు. కానీ ఆయన రోజంతా నిలబడుతున్నాడు. కాళ్లు వాచి, రబ్బరు చెప్పుల పట్టీలు మాంసంలో దిగిపోయి ఉన్నాయి. పని మీద ప్రేమతో వచ్చేదైతే కూర్చుని నేర్పేవాడు. 1,580 రూపాయలతో ఇద్దరు బతకలేరు కాబట్టి నిలబడుతున్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ముసలితనంలో పనిచేయడం చెడ్డదేమీ కాదు. మానుకునే వీలుండి చేస్తే అది మర్యాద, వీలులేక చేస్తే అది శిక్ష. ఆ వీలును ఇచ్చేది పెన్షన్.

దీనికి రుజువు మన మిర్చియార్డు పక్కనే ఉంది. శీతల గిడ్డంగుల దగ్గర కాయల తొడిమెలు తీసే ఆడవాళ్లలో అరవై దాటినవాళ్లు చాలామంది కనిపిస్తారు. పొద్దుటి నుంచి ముక్కుకు చీరకొంగు కట్టుకుని కూర్చుంటారు. వేళ్లు మండి, రాత్రి అన్నం కలుపుకోలేక చెంచాతో తింటారు. మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి వాళ్లత్త అందులో ఒకామె. 2024 జూలైలో వృద్ధాప్య పింఛను మూడు వేల నుంచి నాలుగు వేలైంది కదా, ఆ నెల పాత మూడు నెలల తేడాతో కలిపి ఏడు వేలు ఇచ్చారు. ఆ తర్వాత ఎండాకాలంలో ఆమె తొడిమెలకు వెళ్లలేదు. 'నాలుగు వేలొస్తున్నాయిగదమ్మా, ఎండలు తగ్గినాక చూద్దాంలే' అంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె నోట 'చూద్దాంలే' అన్న మాట నేను వినలేదు. నాలుగు వేలు పెద్ద డబ్బేం కాదు. కానీ మేస్త్రీ పిలిస్తే రానని చెప్పగలిగింది.

ఇందులో కేంద్రం ఇచ్చేదెంతో తెలుసా? ఎనభై ఏళ్ల లోపువాళ్లకు నెలకు 200, ఎనభై దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం పెట్టుకుంటోంది. ఆ పార్టీ ఈ పార్టీ అని కాదు, పదేళ్లుగా ఎవరొచ్చినా పెంచుతూనే వచ్చారు. 2014 దాకా 200 ఉన్నది వెయ్యి అయింది, రెండు వేలైంది, ఇప్పుడు నాలుగు వేలు. ఓట్ల కోసమే అయితే అయింది, మంచి పని మంచి పనే.

అయితే ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. పైసా కట్టనివాళ్లకు నాలుగు వేలు. 17 ఏళ్లు తన పేరు మీద డబ్బు కట్టించుకున్న టర్నరుకు 1,580. నేను ఇట్లా చెబితే వెంటనే ఎవరో ఒకరు, 'అయితే ఆ నాలుగు వేలు తగ్గించాలంటారా' అని అడుగుతారు. ఎవరిదీ తగ్గించనక్కర్లేదు. ఈపీఎస్‌కు డీఏ ఇవ్వమని అడుగుతున్నాం. ధరలతో పాటు పెరగని పెన్షన్ ఏటా కొంచెం కొంచెంగా కోసేసిన పెన్షనే. ఆర్టీసీని 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిపినా, అక్కడ రిటైరయ్యే డ్రైవర్లు కండక్టర్లకు ఇప్పటికీ ఈ ఈపీఎస్ పెన్షనే. వాళ్ల భార్యలకు వచ్చేది అందులోనూ సగం. మన ఊళ్లోనే ఎంతమంది ఉన్నారో చూడండి.

సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పద్ధతి, గురించి మాట్లాడకుండా కూర్చుంటే ఈ కుర్ర మాస్టార్లు నన్ను వదలరు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లందరికీ పాత పెన్షన్ లేదు. వాళ్ల జీతంలో 10 శాతం, ప్రభుత్వం 10 శాతం వేసి, ఆ డబ్బును మార్కెట్లో పెడతారు. దిగిపోయేనాటికి ఎంత కూడితే అంత. ఒక మాస్టారికి 30 లక్షలు కూడిందనుకుందాం. 60 శాతం, అంటే 18 లక్షలు, చేతికిస్తారు. మిగిలిన 12 లక్షలతో, నెలనెలా డబ్బిచ్చే యాన్యుటీ కొనాలి. ఏడాదికి 6 శాతం వస్తే 72 వేలు, నెలకు 6 వేలు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే 6 వేలు. అదే బడిలో, అదే స్టాఫ్ రూములో, 2004 సెప్టెంబరుకు ముందే చేరిన పక్క మాస్టారికి ఆఖరి జీతంలో సగం, దాని మీద డీఆర్, ఆయన తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్. ఒక తేదీ గీసి మనుషులను రెండు ముక్కలు చేయకూడదని నకారా తీర్పు చెప్పింది. ఇక్కడ కొత్తగా చేరేవాళ్లకు కొత్త షరతు కాబట్టి చట్టం దృష్టిలో అది వేరే విషయం కావచ్చు. కానీ ఆ స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్లకు అది వేరే విషయంగా కనపడదు.

2023లో మన రాష్ట్రం గ్యారంటీ పెన్షన్ చట్టం చేసింది, బేసిక్‌లో 50 శాతం హామీతో. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ అనే పెన్షన్ పథకం తెచ్చింది, 25 ఏళ్లు చేసినవాళ్లకు ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, కనీసం పదేళ్లు చేస్తే నెలకు 10 వేలు. నా అభిప్రాయం అడిగితే, మొత్తం మార్కెట్ మీద వదిలేసిన పద్ధతి తప్పని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నట్టే. పాత పద్ధతికే పోవాలని పట్టుబట్టే మిత్రులతో నాకు సగం ఏకీభావం, సగం ఇబ్బంది. హామీ ఉండాలి, ధరలతో పెరగాలి, ఇందులో వెనక్కు తగ్గకూడదు. కానీ ఆ డబ్బు తొడిమెలు తీసే ఆమె కొన్న సబ్బు మీద పన్నులోంచి కూడా వస్తుంది. కాబట్టి మన సభల్లో మన పెన్షన్ ఒక్కటే మాట్లాడి ఇంటికెళ్లిపోవడం నాకు నచ్చదు. మన బ్యానరు మీద మన డిమాండు పక్కనే ఈపీఎస్ డీఏ కూడా రాయాలి. పది మంది నాతో గొడవపడినా సరే ఈ మాట చెబుతూనే ఉంటాను.

ఇంకొక్క విషయం. మీరు గుంటూరులో కానీ విజయవాడలో కానీ ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్లండి, గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు? అరవై దాటినాయన. పన్నెండు గంటల డ్యూటీ, ప్లాస్టిక్ కుర్చీ, సెలవు లేదు. ఏజెన్సీ ద్వారా పెడతారు కాబట్టి ఆయన ఎవరి ఉద్యోగో ఆయనకే సరిగ్గా తెలియదు. లోపల మూడో అంతస్తులో ఒక ముసలి దంపతులుంటారు, పిల్లలు అమెరికాలో. ఆయన గేటు కాస్తాడు, వీళ్లు ఫోను కాస్తారు. మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. ఇంకో ఇరవై ఏళ్లకు ఇట్లాంటి గేట్లు, ఇట్లాంటి మూడో అంతస్తులు ఎన్నవుతాయో ఆలోచించండి.

జపాను మనకంటే చాలా ముందే ముసలిదైంది. అక్కడ 65 దాకా పని కావాలన్నవాళ్లకు ఇవ్వడం యజమాని బాధ్యతగా చట్టం చేశారు, 2021 నుంచి 70 దాకా ప్రయత్నం చేయమన్నారు. ఊరూరా సిల్వర్ కేంద్రాలని ఉంటాయి. అరవై దాటినవాళ్లు పేరు రాయించుకుంటే, వారంలో కొన్ని గంటలు, పార్కు చూసుకోవడం, పిల్లలను బడి దగ్గర రోడ్డు దాటించడం, చిన్న చిన్న రిపేర్లు, ఇట్లాంటి తేలిక పనులు ఇస్తారు. మన దగ్గర కూడా కేంద్రం 2021 అక్టోబరు 1న 'సేక్రెడ్' అని ఒక పోర్టల్ పెట్టింది, పెద్దవాళ్లకు ఉద్యోగాల కోసం. కానీ మన టర్నరు పోర్టల్‌లోకి వెళ్లడు. వార్డు సచివాలయంలో ఒక రిజిస్టరు పెట్టమనండి. పింఛను ఇవ్వడానికి ఒకటో తారీకున ఇంటింటికీ వచ్చే ఆ అబ్బాయో అమ్మాయో, 'ఏ పని వచ్చు తాతా, రోజుకు ఎన్ని గంటలు చేయగలవు' అని ఒక్క ప్రశ్న అడిగి రాసుకోమనండి. లేతు తెలిసినవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, కాన్పులు చూసిన నర్సమ్మలు, ఎంత పనితనం మన వీధుల్లో అరుగుల మీద కూర్చుని ఉందో తెలుస్తుంది. ఐటీఐలో వారానికి మూడు పూటలు ఆ టర్నరును కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

టైమైందని చీటీ పంపారు, ముగిస్తాను. ఒక ముఖ్యమైన సంగతి చెప్పే దిగుతాను, ఇది ఆటోనగర్ వాళ్లకు, వాచ్‌మన్లకు, ప్రైవేటు ఆసుపత్రుల్లో చేసే ఆయాలకు. ఈపీఎస్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు నిండాలి. మీలో చాలామంది ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్లు, ఇంకొకరి దగ్గర మూడేళ్లు, మరొకరి దగ్గర నాలుగేళ్లు చేసి, దేనికదే వేరు అనుకుని వదిలేస్తున్నారు. అవన్నీ ఒక్క యూఏఎన్, అంటే పని మారినా మారని పీఎఫ్ నెంబరు, కింద కలుపుకోవచ్చు. కలిపితే పదకొండేళ్లు. పని మారినప్పుడల్లా పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు పోతుంది. పెళ్లికనో జ్వరానికనో తీసేయకండి, ముందు ఎవరినైనా అడగండి. నెంబరు తెలియకపోతే పాత జీతం చీటీ ఏదైనా సరే తీసుకురండి.

కింద మెట్ల పక్కన బల్ల వేశారు. మా బ్యాచ్ వాళ్లు ఇద్దరు, నేను, రాత్రి తొమ్మిది దాకా అక్కడే కూర్చుంటాం. కాగితాలు తెచ్చినవాళ్లు రండి. తేనివాళ్లు వచ్చే ఆదివారం పొద్దున తీసుకురండి, ఇదే హాలు. పెద్దవాళ్లు మెట్లు నెమ్మదిగా దిగండి, ఆఖరి మెట్టు దగ్గర లైటు లేదు.